పోస్టులో వచ్చే పొగాకు డబ్బా



విదేశం నుంచి పోస్టులో తెప్పించుకునే పైపు పొగాకు మీద పడే సుంకాల గురించి ఈ పూట మాట్లాడతాను. పైపు తాగేవాళ్లు మన ఊళ్లలో చాలా తక్కువ. చుట్ట, బీడీ, సిగరెట్ తెలిసినంతగా పైపు మనకు తెలియదు. అయినా ఈ విషయమే ఎంచుకున్నాను. పన్ను ఒక వస్తువును ఎలా పట్టుకుంటుందో, ఆ పట్టు ఎక్కడ సడలుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పైగా ఈ సుంకాల చరిత్రలో మన గుంటూరు, చీరాల, ఒంగోలు ప్రాంతాల పొలాలు కూడా ఉన్నాయి.

ముందు ఆ వస్తువు ఎలా ఉంటుందో చెబుతాను. సాధారణంగా 50 గ్రాముల గుండ్రటి రేకు డబ్బాలో వస్తుంది. గాలి తీసేసి మూత బిగిస్తారు. మూత అంచు కింద నాణెం దూర్చి తిప్పితే చిన్న చప్పుడుతో ఊడి వస్తుంది. లోపలి పొగాకు సిగరెట్‌లో కనిపించే సన్నటి పొడి తరుగులా ఉండదు. కొన్ని డబ్బాల్లో వెడల్పు తరుగు ఉంటుంది. మరికొన్నిటిలో ఆకును దిమ్మెలుగా ఒత్తి, పలచటి రేకులుగా కోసి పేరుస్తారు. ముట్టుకుంటే చెమ్మ తగులుతుంది. ఆ మిశ్రమంలో వర్జీనియా ఆకు ఉంటుంది, బర్లీ ఉంటుంది. సిరియా, సైప్రస్‌లకు పేరు తెచ్చిన, పొగపెట్టి ఆరబెట్టే లటాకియా ఉంటుంది. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో సెయింట్ జేమ్స్ పారిష్ అనే చోట పీపాల్లో ఒత్తిపెట్టి పులియబెట్టే పెరీక్ ఉంటుంది. ఇష్టపడేవాళ్లు దూరదేశాల నుంచి తెప్పించుకోవడానికి ఈ మిశ్రమాల రకాలే కారణం.

తెప్పించుకోవడం అంటే దిగుమతి చేసుకోవడమే. కంటైనర్లలో సరకు దింపే వ్యాపారి మీదా, ఒక్క డబ్బా తెప్పించుకునే మనిషి మీదా పడేది అదే 1962 కస్టమ్స్ చట్టం. విదేశీ పార్సిలు నేరుగా మన వీధి పోస్టాఫీసుకు రాదు. ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై వంటి చోట్ల ఉన్న ఫారిన్ పోస్టాఫీసుల్లో ముందు కస్టమ్స్ అధికారుల కంటపడాలి. పార్సిలు మీద సీఎన్ 22 అనే చిన్న చీటీ అంటించి ఉంటుంది. ఖరీదైన పార్సిళ్లకు సీఎన్ 23 అనే పెద్ద ఫారం ఉంటుంది. ప్రపంచ తపాలా సంఘం నమూనా ప్రకారం అన్ని దేశాల్లోనూ ఈ ఫారాలు ఒకే తీరుగా ఉంటాయి. లోపల ఏముంది, ఎన్ని ఉన్నాయి, బరువెంత, విలువెంత, ఏ దేశపు సరకు, కానుకా, అమ్మకమా అన్నది పంపేవాళ్లు రాసి సంతకం చెయ్యాలి. సీఎన్ 22 చూడటానికి అరచేతిలో ఇమిడే కాగితమే. కానీ పార్సిలు తేలిగ్గా బయటపడుతుందా, అక్కడే ఆగిపోతుందా అన్నది చాలావరకు దాని మీద రాసిన మాటలే తేలుస్తాయి. అనుమానం వస్తే పార్సిలు విప్పి చూసే అధికారం వాళ్లకు ఉంది. తప్పు రాసినట్టు తేలితే సరకు స్వాధీనం చేసుకుని జరిమానా వేసే అధికారం కూడా ఉంది.

కానుక అన్న పెట్టెలో టిక్కు పెడితే సుంకం తప్పుతుందని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. ఒకప్పుడు కొంత విలువ వరకు కానుకలకు మినహాయింపు ఉండేది. అమ్మకపు సరకును కానుక పేరుతో పంపడం ఎక్కువైపోయింది. 2019 డిసెంబరులో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఆ దారి మూసేసింది. ప్రాణాధార మందులు, రాఖీలు తప్ప మరేదీ కానుక పేరుతో సుంకం లేకుండా రాకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. కానుక పంపుకోవచ్చు, కాకపోతే పూర్తి సుంకం కట్టి తీసుకోవాలి. అమెరికా నుంచి అన్నయ్య ప్రేమగా పంపినా, కొట్టువాడు డబ్బు తీసుకుని పంపినా పొగాకు డబ్బాకు లెక్క ఒకటే.

ఇక సుంకం లెక్క. దీన్ని డబ్బా ధర మీద ఒక శాతంగా అనుకునేవాళ్లు బిల్లు చూసి నివ్వెరపోతారు. మొదట విలువ కట్టడంలోనే తేడా ఉంది. వస్తువు ధరకు పోస్టేజీ, బీమా కలిపి విలువ తేలుస్తారు. ఒక్క డబ్బా తెప్పించుకుంటే ఒక్కోసారి డబ్బా ధర కన్నా పోస్టేజీయే ఎక్కువ ఉంటుంది. ఆ పోస్టేజీ మీద కూడా సుంకం పడుతుంది. ఆ విలువ మీద మూల సుంకం, ఆ సుంకం మీద సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జీ, అవన్నీ కలిపిన మొత్తం మీద దిగుమతి సరకుకు పడే జీఎస్టీ, అంటే ఐజీఎస్టీ. ఇలా ఇటుక మీద ఇటుక పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. పన్ను మీద పన్ను అని జనం విసుక్కునేది దీన్నే. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు దానికి తోడుగా వేసిన పరిహార సెస్సు పట్టికలో పైపులకూ సిగరెట్లకూ వాడే పొగాకు మిశ్రమానికి రాసిన రేటు 290 శాతం. 28 శాతం జీఎస్టీ దానికి అదనం. అదే పట్టికలో బ్రాండు పేరున్న హుక్కా పొగాకుకు 72 శాతం. బీడీకి సెస్సే లేదు. తర్వాత ఈ రేట్లు, లెక్కగట్టే పద్ధతి కొన్నిసార్లు మారాయి, ఇక ముందూ మారతాయి. అందుకే ఒక నియమం గుర్తుపెట్టుకోవాలి. పోస్టులో వచ్చే సరకుకు ఆర్డరు పెట్టిన రోజు రేటు వర్తించదు. తపాలా వాళ్లు ఆ సరకుల జాబితాను కస్టమ్స్ అధికారి ముందు పెట్టిన రోజు ఏ రేటు ఉంటే అదే వర్తిస్తుంది. ఈలోగా బడ్జెట్ వస్తే కొత్త రేటే కట్టాలి.

ఇంత బరువైన పన్ను పొగాకు మీదే ఎందుకు పడింది? దీనికి జవాబు కోసం ఇంగ్లండు వెళ్లాలి. 1604లో మొదటి జేమ్స్ రాజు పొగాకు మీద సుంకాన్ని ఒక్కసారిగా పెంచాడు. అప్పటిదాకా పౌను బరువుకు 2 పెన్నీలు ఉండేది. దాన్ని 6 షిల్లింగుల 10 పెన్నీలు చేశాడు. షిల్లింగుకు 12 పెన్నీల లెక్కన అది 82 పెన్నీలు, అంటే 41 రెట్లు. రాజుకు పొగాకంటే అసహ్యం. దాన్ని తిడుతూ ఆ ఏడాదే ఒక చిన్న పుస్తకం కూడా అచ్చు వేయించాడు. కానీ జనం మానలేదు. దొంగచాటుగా దింపుకోవడం మొదలుపెట్టారు. కొన్నేళ్లకు వర్జీనియా వలస నుంచి ఓడల మీద ఆకు రావడం మొదలయ్యాక ఖజానాకు అది పెద్ద ఆదాయమైంది. ఆ ఆదాయం చెడకూడదని ఇంగ్లండు రైతులు తమ పొలాల్లో పొగాకు వెయ్యకుండా నిషేధించారు. గ్లాస్టర్‌షైర్‌లోని వించ్‌కోంబ్ రైతులు మాట వినకపోతే పంట తొక్కించడానికి సైనికులు వెళ్లారు. ఓడరేవులో వసూలు చెయ్యడం సులువు, పల్లెపల్లెలో వసూలు చెయ్యడం కష్టం. దానికోసం సొంత రైతును అణిచారు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం.

1733లో బ్రిటన్ ప్రధాని రాబర్ట్ వాల్పోల్ కొత్త పథకం తెచ్చాడు. పొగాకును రేవులోనే సర్కారు తాళం ఉన్న గోదాములో పెట్టాలి, దేశంలో అమ్మకానికి బయటికి తీసినప్పుడు మాత్రమే పన్ను కట్టాలి అన్నాడు. వ్యాపారులు గగ్గోలు పెట్టారు, వీధుల్లో ఆందోళనలు జరిగాయి, ఆయన పథకాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఆర్థికశాస్త్రానికి ఆద్యుడైన ఆడమ్ స్మిత్ 1776లో తన గ్రంథంలో పొగాకు, పంచదార, రమ్ము ఎక్కడా బతకడానికి తప్పనిసరి సరకులు కావు కాబట్టి పన్ను వెయ్యడానికి తగినవి అన్నాడు. మితిమీరిన సుంకం దొంగరవాణాను ఆకర్షిస్తుందని కూడా ఆయనే రాశాడు. రెండేళ్ల తర్వాత ఆయన స్కాట్లండులో కస్టమ్స్ కమిషనర్ అయ్యాడు. పోస్టు పార్సిళ్ల మీద నేటికీ జరుగుతున్న వాదమంతా స్మిత్ రాసిన ఆ రెండు మాటల మధ్యే ఉంది.

వాల్పోల్ అనుకున్న గోదాము పద్ధతి మన రైతులకు కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో పొగాకు మీద ఎక్సైజు సుంకం వేసింది. రైతు ఎంత వేశాడు, ఎంత పండింది, ఎవరికి అమ్మాడు అన్నది లెక్క చెప్పాలి. పన్ను కట్టని ఆకు బాండు గోదాముల్లో ఉండాలి. పొగాకు పల్లెల్లో ఎక్సైజు ఇన్‌స్పెక్టరు అంటే భయం ఉండేది. తయారు కాని పచ్చి సరకు మీద ఆ సుంకం 1979 బడ్జెట్‌తో పోయింది. చరణ్ సింగ్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు తీసేశారు. స్వాతంత్ర్యం వచ్చి మూడు దశాబ్దాలు దాటినా రైతు గుమ్మంలో ఆ లెక్కల పుస్తకం ఉందంటే, అంత ఆలస్యం ఎందుకు జరిగిందని అడగాల్సిందే.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడింది. ఐఎల్‌టీడీ అంటే చీరాల వైపు తెలియనివాళ్లు ఉండరు. 1919లో లండన్‌లో ఆర్థికమంత్రి ఆస్టెన్ చేంబర్లేన్ బడ్జెట్‌లో ఒక మార్పు చేశాడు. సామ్రాజ్యంలోని దేశాల నుంచి వచ్చే సరకుల మీద సుంకంలో ఆరో వంతు తగ్గించాడు. 1925లో చర్చిల్ ఆర్థికమంత్రిగా ఉండగా పొగాకు మీద ఆ తగ్గింపు నాలుగో వంతు అయింది. అమెరికా ఆకు పూర్తి సుంకం కట్టాలి, భారత ఆకు, రొడీషియా ఆకు తక్కువ కట్టాలి. బ్రిటన్ సిగరెట్, పైపు పొగాకు కంపెనీల కొనుగోళ్లు కొంత ఇటు మళ్లాయి. గుంటూరు నల్లరేగడి నేలల్లో అప్పుడే వర్జీనియా సాగు మొదలవుతోంది. ఆకు ఆరబెట్టే బ్యారన్లు కట్టారు. ఆకు కోసి, కర్రలకు కట్టి, బ్యారన్‌లో అంతస్తులుగా వేలాడదీసి, రేకు గొట్టాల్లో వేడి పంపి రాత్రింబవళ్లు కాపు కాసి ఎండబెట్టే పని మన పల్లెల్లోకి అలా వచ్చింది. వేడి కొంచెం అటూ ఇటూ అయితే ఆకు రంగు పోతుంది, రంగు పోతే ధర పోతుంది.

నేల అనువుగా ఉంది, రైతు కష్టపడ్డాడు, కంపెనీ విత్తనం తెచ్చింది. ఇవన్నీ నిజమే. కానీ లండన్ సుంకాల పట్టికలో ఆ తగ్గింపు లేకపోతే ఆ ఆకు అంత వేగంగా ఓడెక్కేది కాదు. మనవాళ్లెవరికీ ఓటు లేని పార్లమెంటులో చేసిన ఒక నిర్ణయం మన పంటల తీరు మార్చింది. ఆ తర్వాత 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, 1976 నుంచి గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చాయి. ఇప్పుడు ఒంగోలు, కందుకూరు, పొదిలి, జంగారెడ్డిగూడెం వేలం కేంద్రాల్లో బేళ్లు అమ్ముకునే రైతుకు బ్యారన్ లైసెన్సు, ఎంత పండించాలన్న పరిమితి ఉన్నాయి. మన ఆకు విదేశాలకు పోయి అక్కడి మిశ్రమాల్లో కలుస్తుంది. అక్కడ డబ్బాకెక్కి ఇటు తిరిగి వస్తే దాని మీద కట్టే సుంకంలో ఆ రైతుకు చేరేది ఏమీ లేదు.

మన సెస్సు పట్టికలోలాగా పేరును బట్టి పన్ను వేస్తే ఏమవుతుందో అమెరికాలో తేలిపోయింది. పిల్లల ఆరోగ్య బీమాకు డబ్బు కావాలని 2009 ఏప్రిల్ 1 నుంచి అక్కడ పొగాకు మీద కేంద్ర పన్నులు పెంచారు. చేత్తో చుట్టుకునే సిగరెట్ పొగాకుకు పౌను బరువుకు 24 డాలర్ల 78 సెంట్లు. పైపు పొగాకుకు 2 డాలర్ల 83 సెంట్లు. అంతకుముందు రెండిటికీ ఒకే రేటు, డాలరు పైచిలుకు. పైపు పొగాకు అంటే ఏమిటి? చట్టం ప్రకారం దాని రూపం, రకం, ప్యాకింగు, లేబుల్ చూస్తే పైపులో తాగడానికి కొనేదిగా కనిపించాలి. అంతే. చెమ్మ ఎంతుండాలి, తరుగు ఎంత వెడల్పుండాలి అన్న కొలత లేదు. ఏం జరగాలో అదే జరిగింది. సిగరెట్ చుట్టుకునే పొగాకు సంచుల మీద పైపు పొగాకు అని అచ్చు వేశారు. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2012లో ఇచ్చిన నివేదికలో లెక్క ఉంది. 2009 జనవరిలో నెలకు సుమారు 2,40,000 పౌన్లు అమ్ముడైన పైపు పొగాకు, 2011 సెప్టెంబరుకు 30 లక్షల పౌన్లు దాటింది. చుట్టుకునే పొగాకు సుమారు 20 లక్షల పౌన్ల నుంచి 3,15,000కు పడిపోయింది. రెండున్నరేళ్లలో ఇలాంటి మార్పుల వల్ల ఖజానాకు వచ్చిన నష్టం 61.5 కోట్ల నుంచి 110 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని ఆ కార్యాలయం అంచనా వేసింది. రెండేళ్లలో పైపులు కొన్నవాళ్లు పదింతలయ్యారని ఎవరూ నమ్మరు. పిల్లల వైద్యానికి వెళ్లాల్సిన డబ్బు ఒక లేబుల్ మార్పుతో ఆగిపోయింది. తపాలాలోనూ అదే తేడా. 2010లో సిగరెట్లు, నమిలే పొగాకు అమెరికా తపాలాలో పంపకూడదని చట్టం చేశారు. పైపు పొగాకు, చుట్టలు ఆ నిషేధంలోకి రాలేదు.

అందుకే నా అభిప్రాయం ఇది. నిప్పుపెట్టి పీల్చే పొగాకు ఏదైనా బరువును బట్టి ఒకే పన్ను ఉండాలి. పైపులో వేసినా, కాగితంలో చుట్టినా కాలేది పొగాకే, ఒంటికి హాని తప్పదు. అయితే ఈ మాట అన్న వెంటనే మన దగ్గర బీడీ గుర్తుకొస్తుంది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ల బతుకు ఆ పన్ను రేటుతో ముడిపడి ఉంది. రేటు ఒక్కసారి పెంచితే మొదటి దెబ్బ వాళ్ల రోజు కూలి మీదే పడుతుంది. అందుకని బీడీని వదిలేద్దామా అంటే, బీడీ తాగి జబ్బుపడేవాళ్లూ పేదవాళ్లే. ఆ ఆడవాళ్లకు వేరే పని, శిక్షణ, పింఛను ముందు ఏర్పాటు చేసి, ఆ తర్వాత విడతలుగా పన్ను పెంచాలి. పొగాకు మీద వచ్చే పన్నులో కొంత భాగం ఆ పనికి, పొగాకు రైతు వేరే పంటకు మారడానికి చట్టప్రకారం కేటాయించాలి. ఇది కుదరని పని కాదు, చెయ్యాలన్న పట్టుదల ఉంటే చాలు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు కూడా రెండు మాటలు. ఆస్ట్రేలియాలో 2019 జూలై 1 నుంచి అనుమతి లేకుండా పొగాకు తెప్పించుకోవడం నిషేధం. చుట్టలకు, పరిమితంగా నమిలే పొగాకుకు, నోట్లో పెట్టుకునే పొగాకు పొడికి మినహాయింపు ఉంది. పైపు పొగాకుకు లేదు. మెల్‌బోర్న్‌లో ఉన్న స్నేహితుడికి సరదాగా ఒక డబ్బా పంపితే అతన్ని ఇబ్బందిలో పెట్టినట్టే. బ్రిటన్‌లో 39 పౌండ్ల లోపు విలువైన కానుకకు మామూలుగా వ్యాట్ ఉండదు. కానీ పొగాకు అయితే కానుకైనా, ఎంత చిన్నదైనా ఎక్సైజు సుంకం కట్టాల్సిందే. విమానంలో వెంట తెచ్చుకునే పొగాకుకు మన దేశంలో 2016 బ్యాగేజీ నిబంధనలు 125 గ్రాముల హద్దు పెట్టాయి. ఆ వెసులుబాటు మనిషి వెంట వచ్చే సామానుకే. పోస్టు పార్సిలుకు దానితో సంబంధం లేదు.

వినేవాళ్లలో పైపు తాగేవాళ్లుంటే మానెయ్యమనే నా మొదటి విన్నపం. మానలేని పరిస్థితి ఉంటే పోస్టులో తెప్పించుకునే ముందు కస్టమ్స్ బోర్డు వెబ్‌సైట్‌లో ఆ రోజు రేటు చూసుకోండి, పోస్టేజీతో కలిపి లెక్క వేసుకోండి. పంపేవాళ్లకు ఒక సంగతి గట్టిగా చెప్పండి. చీటీ మీద పొగాకు అనే రాయాలి, ఉన్న బరువే రాయాలి, పెట్టిన ధరే రాయాలి. టీ పొడి అని, ఎండు ఆకులని రాసి పంపిస్తే దొరికినప్పుడు సంజాయిషీ చెప్పుకోవాల్సింది పార్సిలు మీద చిరునామా ఉన్న మీరే. పక్కింటి ముసలాయన పేరు మీదో, పనిచేసే ఆఫీసు చిరునామాకో మాత్రం ఎప్పుడూ తెప్పించకండి.